అతకనిది ఎవరికి?

ఇంగ్లీషులో ‘మాట్లీ’ అనే విశేషణం ఒకటుంది. ఒకదానికొకటి పొసగని వస్తువులో, పొంతన లేని మనుషులో ఒకచోట చేరితే ఆ గుంపు ముందు ఈ మాట తగిలిస్తారు. పాతసామాన్ల కొట్టులో ఆగిపోయిన గోడగడియారం, హార్మోనియం పెట్టె, సైకిలు చక్రం పక్కపక్కన పడి ఉంటే అది మాట్లీ. చదువులో, వయసులో, యాసలో ఎక్కడా కలవని నలుగురు ఒక పని మీద బయలుదేరితే వాళ్ళూ మాట్లీయే. నిఘంటువులు ‘రకరకాల’, ‘రంగురంగుల’ అని అర్థం చెప్పి ఊరుకుంటాయి గాని, వాడేవాళ్ళ గొంతులో ఇంకొకటి కూడా వినిపిస్తుంది. న్యాయమూర్తుల బృందాన్నో, పీఠాధిపతుల సభనో ఎవరూ ఆ మాటతో పిలవరు, వాళ్ళలో ఎన్ని రకాలవాళ్ళున్నా సరే. ఎవరు ఎదురొస్తే లేచి నిలబడనక్కర్లేదని అనుకుంటామో వాళ్ళకే ఆ మాట వాడతాం.

నన్ను ఆలోచనలో పడేసింది ఆ చులకనే. రెండు అతకడం లేదని చెప్పేటప్పుడు మనం వాటి గురించి చెబుతున్నామా, వాటిని చూసి ఇబ్బందిపడిన మన కంటి గురించి చెబుతున్నామా? పచ్చపోగు పక్కన ఉన్నందుకు ఎర్రపోగుకు ఏ కష్టమూ లేదు. కష్టమంతా చూసేవాడిది. ఆ చూపు వాడికి ఎవరు నేర్పారు?

ఈ మాట పుట్టింది బట్టల లోకంలో. ‘నలుసు’ అనే అర్థమున్న ఒక పాత ఇంగ్లీషు మాటలోంచి వచ్చి ఉంటుందని భాషావేత్తల అంచనా. వేర్వేరు రంగుల పోగులు కలిపి నేసిన బట్టను మధ్యయుగాల ఇంగ్లండులో ఆ పేరుతో పిలిచేవారు. అప్పటికి అందులో అవమానమేమీ లేదు. 14వ శతాబ్దం చివర ఛాసర్ రాసిన కాంటర్‌బరీ కథల్లో, యాత్ర చేస్తున్న వర్తకుడు ఆ బట్టే కట్టుకుని గుర్రం మీద దర్జాగా కూర్చుంటాడు. చీల్చి దువ్విన గడ్డం, ఫ్లాండర్స్ నుంచి వచ్చిన టోపీ, గంభీరమైన మాట. పెద్దమనిషి వేషానికి ఏ లోటూ లేదు. అతను అప్పుల్లో ఉన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియదని కవి మెల్లగా ఒక మాట చెప్పి ముందుకు సాగిపోతాడు. ఆ మనిషిలో నిజంగా పొసగనిది ఏదైనా ఉంటే అది పైకి కనిపించే దర్జాకూ లోపల దాచుకున్న అప్పుకూ మధ్య ఉంది. బట్టలోని పోగులు చక్కగానే కలిసి ఉన్నాయి.

ఆ కాలంలో బట్టంటే ఒంటి మీద రాసిపెట్టిన అంతస్తు. ఎంత సంపాదన ఉన్నవాళ్ళు ఎలాంటి గుడ్డ కట్టాలో 1363లో ఇంగ్లండులో ఏకంగా చట్టం చేశారు. అది ఎక్కువకాలం నిలవలేదు గాని, అలాంటివి తర్వాత కూడా వచ్చాయి. మన ఊళ్ళలో అటువంటి నియమాలు కాగితం మీద లేకుండానే నడిచాయి. ఎవరు చెప్పులేసుకుని ఏ వీధిలో నడవకూడదో, ఎవరు పైపంచె తీసి చంకలో పెట్టుకోవాలో పుట్టిన ప్రతి బిడ్డకూ తెలిసేది. ఏది దేనికి అతుకుతుందో ముందే తీర్మానించి పెట్టిన లోకమది. అటువంటి లోకంలో పెరిగిన కంటికి అతకనిదల్లా ముందు వింతగా, ఆ తర్వాత తప్పుగా కనబడుతుంది.

షేక్‌స్పియర్ కాలానికి ఈ మాట విదూషకుడి కోటుకు పేరైపోయింది. ఆ కోటు గళ్ళు గళ్ళుగా రెండు మూడు రంగుల ముక్కలతో కుట్టినదని చాలాకాలం అందరూ అనుకున్నారు. లెస్లీ హాట్‌సన్ అనే పరిశోధకుడు 1952లో ఈ కోటు మీదనే ఒక పుస్తకం రాసి, అది ముక్కల కోటు కాదని, కలిపి నేసిన ముతకబట్టతో కుట్టిన పొడవాటి అంగీ అని వాదించాడు. పండితుల తగువును పక్కన పెట్టినా ఆ బట్ట స్వభావం ఆలోచించదగ్గది. దూరం నుంచి ఒకే మసక రంగుగా కనిపిస్తుంది. దగ్గరికి వెళితే తప్ప దానిలో ఎన్ని రంగులున్నాయో తెలియదు.

‘యాజ్ యు లైక్ ఇట్’ నాటకంలో జేక్విజ్ అనే దిగులు మనిషి ఉంటాడు. అడవిలో టచ్‌స్టోన్ అనే విదూషకుడు ఎదురైనప్పటి నుంచి అతనికి ఆ కోటు మీద ఆశ పుడుతుంది. అది తనకూ ఇప్పించమని అడుగుతాడు. అది ఒంటి మీద ఉంటే ఎవరినైనా ఏ మాటైనా అనవచ్చు, లోకానికి పట్టిన రోగాన్ని కడిగేయవచ్చు అని అతని నమ్మకం. ప్రభువర్గపు మనిషి విదూషకుడి అంగీ కోరుకోవడంలో ఒక లోతైన సంగతి ఉంది. గౌరవమున్నవాడు మాట తూచి మాట్లాడాలి. పోగొట్టుకోవడానికి ఏమీ లేనివాడికి ఆ బాధ లేదు. రాజు ముందు నిజం చెప్పే హక్కు రాజ్యం మొత్తం మీద ఒక్కడికే ఉంటే, ఆ ఒక్కడూ ఎవరూ లెక్కలోకి తీసుకోనివాడే అయ్యాడు.

దీన్ని స్వేచ్ఛ అనవచ్చా? నాకు మనసొప్పదు. నువ్వు ఏమైనా చెప్పు, నీ మాటను మాత్రం మాటగా తీసుకోం అనే షరతు మీద ఇచ్చిన అనుమతి అది. ‘కింగ్ లియర్’లో విదూషకుడు ముసలి రాజుకు ఉన్నదున్నట్టు చెబుతూనే ఉంటాడు. రాజ్యం పంచేసి తప్పు చేశావని మొదటి నుంచీ పొడుస్తాడు. రాజు వింటాడు, నవ్వుతాడు, కొరడా చూపిస్తాడు. మూడో అంకం తర్వాత ఆ విదూషకుడు రంగస్థలం మీద మళ్ళీ కనిపించడు. ఏమయ్యాడో నాటకం స్పష్టంగా చెప్పదు. అతను చెప్పిన నిజాల్లో ఒక్కటీ ఎవరినీ కాపాడలేదు.

మన దగ్గరా ఈ మనిషి ఉన్నాడు. సంస్కృత నాటకంలో విదూషకుడు బ్రాహ్మణుడే, అయినా ప్రాకృతం మాట్లాడతాడు. కులమూ భాషా ఆనాటి లెక్క ప్రకారం పొసగకపోవడమే అతని ఉనికి. తోలుబొమ్మలాటలో రామాయణం గంభీరంగా నడుస్తూ ఉండగా కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు తెర మీదికి దూకి ఊరి సంగతులు ఎత్తుకుంటారు. రాముడి కథలో వాళ్ళకు చోటెక్కడిదని ఏ పల్లెటూరి ప్రేక్షకుడూ అడిగి ఉండడు. తెలంగాణ పల్లెల్లో పిట్టలదొర తిరిగేవాడు. కొన్ని చోట్ల తుపాకి రాముడంటారు, కొన్ని చోట్ల లత్కోర్ సాబ్ అంటారు. ఒంటికి సరిపోని ఖాకీ కోటు, నెత్తి మీద దొరల టోపీ, ఛాతీ మీద బిళ్ళలు, చేతిలో కట్టె తుపాకి. నిలబడ్డ చోటు నుంచి కంటికి ఆనినంత మేరా తన జాగీరేనన్నట్టు కోతలు కోస్తాడు. జాగీర్దార్ల, దొరల ఏలుబడిలో బతికిన ఊళ్ళలో ఆ వేషం ఎవరిని ఉద్దేశించిందో విడమరిచి చెప్పే పనిలేదు. నిజమైన దొర కోతలు వినీ విని అలిసిపోయినవాళ్ళు, ఆ కోతలను చిరిగిన కోటులో చూసి కడుపారా నవ్వుకున్నారు.

ఇప్పుడు రాజకీయ సభల్లో ఒక నాయకుడు ఇంకొక నాయకుణ్ణి పిట్టలదొర అంటున్నాడు, తుపాకి రాముడు అంటున్నాడు. పనికిరాని గొప్పలు చెప్పేవాడని అర్థం. దొరను వెక్కిరించడానికి పుట్టిన కళాకారుడి పేరు తిట్టుగా మిగిలింది. ఇంటింటి ముందూ నిలబడి దానంగా వచ్చిన గింజలతో బతికిన ఆ మనిషి నేర్పు, చమత్కారం, ధైర్యం అన్నీ ఆ తిట్టులోంచి జారిపోయాయి. మాట్లీకి జరిగింది కూడా ఇదే. విదూషకుడి కోటు నుంచి ఆ మాట వీధిలోకి వచ్చి గుంపుల మీద పడింది. కోటుకు ఉన్న కాస్త అనుమతి, నోరు విప్పే ఆ కొద్దిపాటి హక్కు దారిలో రాలిపోయి, చులకన ఒక్కటే చివరిదాకా వచ్చింది.

గుంపు మీద ఆ మాట ఎంత బరువుగా పడగలదో, అప్పటికి బ్రిటిష్ వలసగా ఉన్న అమెరికాలోని బోస్టన్ నగరం చూసింది. 1770 మార్చి 5 రాత్రి అక్కడ బ్రిటిష్ సైనికులు వీధిలో పోగైన జనం మీద కాల్పులు జరిపారు. ఐదుగురు చనిపోయారు. క్రిస్పస్ అటక్స్ ఆఫ్రికన్, స్థానిక ఆదివాసీ మూలాలున్న నావికుడు. శామ్యూల్ గ్రే తాళ్ళు పేనే కార్మికుడు. జేమ్స్ కాల్డ్‌వెల్ ఓడ మీద పనిచేసే కుర్రాడు. శామ్యూల్ మావరిక్ ఇంకా పని నేర్చుకుంటున్న 17 ఏళ్ళ పిల్లవాడు. ప్యాట్రిక్ కార్ ఐర్లండు నుంచి వలస వచ్చినవాడు, గాయాలతో కొన్ని రోజులు పోరాడి చనిపోయాడు. సైనికుల తరఫున వాదించడానికి జాన్ ఆడమ్స్ అనే యువ న్యాయవాది ముందుకొచ్చాడు. తర్వాత అమెరికాకు రెండో అధ్యక్షుడైన మనిషి ఇతనే. ఊరంతా ఉరి తీయాలని అరుస్తున్నవాళ్ళకు న్యాయవాది లేకుండా పోకూడదని అతను నిలబడిన తీరు నిజంగా గొప్పది. ఆ మాట మనస్ఫూర్తిగా చెప్పాలి. కానీ కోర్టులో అతను ఎంచుకున్న దారి వేరే ప్రశ్న. చనిపోయినవాళ్ళు నిలబడిన ఆ గుంపును అతను మాట్లీ మూక అని వర్ణించాడు. పొగరుబోతు పిల్లలు, నల్లవాళ్ళు, సంకరజాతివాళ్ళు, ఐరిష్‌వాళ్ళు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన నావికులు అంటూ ఒక్కొక్క రకాన్నీ వేరుచేసి జ్యూరీ ముందు పరిచాడు. అటక్స్ రూపమే భయపెట్టేదన్నట్టు మాట్లాడాడు. ఎనిమిది మంది సైనికుల్లో ఆరుగురు నిర్దోషులుగా బయటపడ్డారు. ఇద్దరికి బొటనవేలి మీద వాత పెట్టి వదిలేశారు.

జ్యూరీ తీర్పు సాక్ష్యాల బలం మీదే వచ్చి ఉండవచ్చు. నేను అడుగుతున్నది తీర్పు గురించి కాదు. ఆ ఒక్క విశేషణం కోర్టులో ఏం పని చేసింది? పౌరులు చనిపోయారనే మాటలో ఉన్న బరువును అది విడివిడి పోగులుగా విప్పేసింది. విడిగా చూస్తే ఒకడు పారిపోయిన బానిస కావచ్చు, ఒకడు కూలివాడు, ఒకడు పరాయి దేశస్థుడు. ఒక్కొక్కడి చావు ఒక్కొక్క సామాన్యమైన చావు. అందరూ కలిస్తేనే అది ఒక నగరం మీద జరిగిన కాల్పులవుతుంది. కలవడానికి వీల్లేని మనుషులని ముందే ముద్ర వేస్తే వాళ్ళు కలిసి చేసిన పనికి అర్థమే లేకుండా పోతుంది.

అవతలి పక్షం ఏం చేసిందో చూస్తే నాకు ఇంకా బాధ కలుగుతుంది. పాల్ రివియర్ అనే వెండిపనివాడు, బ్రిటిష్ పాలనను ఎదిరించే దేశభక్తుల మనిషి, ఆ కాల్పులను చెక్కి అచ్చు వేశాడు. హెన్రీ పెల్హమ్ అనే చిత్రకారుడి బొమ్మ చూసి చేసిన నకలు అది. ఆ బొమ్మ వలస ప్రాంతాలన్నిటా పాకి కోపం రగిలించింది. అందులో సైనికులు వరుసగా నిలబడి ఆజ్ఞ ప్రకారం కాలుస్తున్నారు. ఎదురుగా ఉన్న జనం మంచి కోట్లు వేసుకున్న మర్యాదస్తుల్లా ఉన్నారు. చాలా ప్రతుల్లో అటక్స్ నల్లవాడిగా కనిపించడు, పడిపోయినవాళ్ళందరూ ఒకే రకం పౌరులు. సానుభూతి పుట్టాలంటే ముందు ఆ గుంపులోని రంగులు తుడిచేయాలని రివియర్‌కు తోచింది. చంపినవాళ్ళ వకీలు ఆ రంగులను ఎత్తిచూపి చనిపోయినవాళ్ళను తక్కువ చేశాడు. చనిపోయినవాళ్ళ పక్షం వాడు ఆ రంగులను దాచిపెట్టి వాళ్ళను ఎక్కువ చేశాడు. ఇద్దరికీ ఒకే నమ్మకం. రకరకాల మనుషులు రకరకాలుగా ఉంటూనే ఒక న్యాయం కోసం ఒకచోట నిలబడతారని, వాళ్ళను వాళ్ళు ఉన్నట్టే గౌరవించాలని ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

బోస్టన్ ప్రజలు మాత్రం ఆ ఐదుగురినీ ఒకే సమాధిలో పెట్టారు. 1887లో వాళ్ళకు స్మారకం కట్టబోతే, వాళ్ళు అల్లరిమూకే గాని వీరులు కారని మసాచుసెట్స్ చారిత్రక సంఘం అడ్డు చెప్పింది. వందేళ్ళు దాటినా అదే వాదం. అయినా 1888లో స్మారకం లేచింది. ఆవిష్కరణకు అటక్స్ మీద కవిత రాసినవాడు జాన్ బాయిల్ ఓరైలీ, ఐర్లండు నుంచి వచ్చినవాడు. కాల్పులు జరిగిన కాలపు ఓడరేవుల్లో ఇలా కలిసినవాళ్ళే అమెరికా తిరుగుబాటుకు మొదటి ఊపిరి పోశారని పీటర్ లైన్‌బా, మార్కస్ రెడికర్ అనే చరిత్రకారులు 2000లో వచ్చిన తమ పుస్తకంలో గట్టిగా వాదించారు. ఓడ మీద తెరచాప లాగాలంటే ఏ భాషవాడైనా ఒకే లయలో తాడు పట్టాలి. అతకని మనుషులకు అతకడం అలా చేతులతో వచ్చింది.

అధికారానికి మనుషులను విడదీసే అలవాటే కాదు, అందరినీ ఒకే ముద్ద చేసే అలవాటు కూడా ఉంది. బర్మాలో మన తెలుగు కూలీలను తెల్లదొరలు ‘కొరింగీ’లనేవారు. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు పేరది. ఎవరు ఏ జిల్లా నుంచి వచ్చారో, ఏ కులంవాళ్ళో, ఏ అప్పు తీర్చడానికి సముద్రం దాటారో ఎవరికీ అక్కర్లేదు. ఓడ ఎక్కిన రేవు పేరే అందరి పేరైంది. రంగూను రేవులో మూటలు మోసే చేతులకు విడి పేర్లు అవసరం లేదనుకున్నారు. పని కావాలన్నప్పుడు ఒకే ముద్ద, హక్కు అడిగినప్పుడు అతకని ముక్కలు.

తెలుగులో ఇలాంటి కూడికకు ‘అతుకుల బొంత’ అంటాం. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం నిలబెడితే పత్రికలు మొదటిరోజే ఆ మాట వాడతాయి. రాజ్యాంగ సభలో కూడా ఈ నింద వినిపించింది. ముసాయిదాలో కొత్తదేమీ లేదని, 1935 భారత ప్రభుత్వ చట్టం నుంచి, పరాయి రాజ్యాంగాల నుంచి ఎత్తి అతికించారని విమర్శకులు అన్నారు. 1948 నవంబరు 4న సభలో మాట్లాడుతూ అంబేడ్కర్ దానికి తల దించుకోలేదు. అప్పు తెచ్చుకోవడంలో సిగ్గుపడాల్సింది లేదని, రాజ్యాంగపు మూల భావాల మీద ఎవరికీ పేటెంటు హక్కులు లేవని నేరుగా జవాబిచ్చాడు. బొంత కుట్టే ఇంట్లో ఆడవాళ్ళకు ఆ జవాబు వెంటనే అర్థమవుతుంది. అమ్మమ్మ చీర ముక్క, చిన్నవాడి చొక్కా, పనికిరాదని పక్కన పెట్టిన దుప్పటి కలిసి ఒక చలికాలాన్ని దాటిస్తాయి. అందులో ప్రతి ముక్కా ఎక్కడిదో గుర్తుపట్టవచ్చు. కుట్టు పైకి కనిపిస్తుంది, దాన్ని దాచాలని ఎవరూ ప్రయత్నించరు.

బౌద్ధ భిక్షువు చీవరం కూడా ముక్కల బట్టే. మగధలో గట్లు వేసిన వరిమళ్ళను చూపించి, అలా ముక్కలుగా కుట్టగలవా అని బుద్ధుడు ఆనందుణ్ణి అడిగినట్టు వినయపిటకం చెబుతుంది. పారేసిన గుడ్డలు ఏరి కుట్టుకునే భిక్షువులూ ఉండేవారు. అదే సంఘంలో మంగలి ఉపాలికి శాక్య రాకుమారుల కంటే ముందు దీక్ష ఇచ్చారు, రాకుమారులు అతనికి మొక్కాల్సి వచ్చేట్టుగా. ఇంతవరకు నా మనసు పూర్తిగా ఆ బట్టతోనే ఉంది. కానీ కుట్టాక ఆ చీవరాన్ని ఒకే కాషాయ రంగులో ముంచుతారు. ముక్కల పాత రంగులు పోతాయి. సముద్రంలో కలిసిన నదులు పేర్లు వదులుకున్నట్టు సంఘంలో కులం పేర్లు పోవాలని దాని వెనక ఉన్న ఆశయం. కులం ఇచ్చిన రంగు పోవడం విముక్తే, దాన్ని కాదనలేను. అయినా సమానం కావాలంటే ఒకే రంగులో మునగాలా అన్న ప్రశ్న వదలదు. రివియర్ తన బొమ్మలో అటక్స్ రంగు తుడిచేసినప్పుడు కూడా సమానత్వమే ఇస్తున్నాననుకుని ఉంటాడు. తేడా ఒక్కచోట కనిపిస్తుంది. భిక్షువు తన చీవరాన్ని తానే రంగులో ముంచాడు. అటక్స్‌ను ఎవరూ అడగలేదు.

అయితే అతకనిదంతా మంచిదేనా? కలగలుపు అనగానే చప్పట్లు కొట్టాలా? ఇక్కడ ఆగి ఆలోచించాలి. గురజాడ కన్యాశుల్కం 1892లో మొదట ప్రదర్శించారు, 1897లో అచ్చయింది, 1909లో దాదాపు కొత్త నాటకంగా మళ్ళీ వచ్చింది. కాటికి కాళ్ళు చాచిన లుబ్ధావధాన్లుకు సుబ్బి అనే పసిపిల్లను అమ్మడానికి తండ్రి అగ్నిహోత్రావధాన్లు సిద్ధపడతాడు. ఈడూ జోడూ అన్న మాట ఎరిగిన జాతి మనది. పెళ్ళి మాటల్లో మొదట అడిగేది అదే. అలాంటి జాతికి ఆ పెళ్ళిలో అతకనిది ఏదీ కనిపించలేదు. శాస్త్రం అతికింది, గోత్రం అతికింది, డబ్బు అతికింది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన ఇలాంటి పెళ్ళిళ్ళను విజయనగరం మహారాజు లెక్క తీయిస్తే 1034 తేలాయని గురజాడ మొదటి ముద్రణ పీఠికలో రాశాడు. ఆ పెళ్ళికూతుళ్ళలో ఏడాది వయసు పిల్లలు కూడా ఉన్నారు. అదే సమాజం రెండు కులాల యువతీ యువకులు ఇష్టపడి కలిస్తే ఘోరం జరిగినట్టు అరిచింది, ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో కత్తి పడుతోంది.

గురజాడ ఆ సంబంధాన్ని చెడగొట్టడానికి వాడిన ఉపాయం చూడండి. సుబ్బి మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడైన మగపిల్లవాడికి ఆడవేషం వేసి ముసలాయనకు కట్టబెడతాడు. నాటకం చివర అందరికంటే ఎత్తులో నిలబడేది మధురవాణి, వేశ్య. సమాజం చూడనని మొండికేసిన పొత్తులేనితనాన్ని చూపించడానికి ఆయన ఇంకా వింతైన పొత్తులేనితనాన్ని రంగం మీదికి తెచ్చాడు. అంటే అతకనిదాన్ని పసిగట్టే కన్ను మనిషికి కావాలి. అది లేకపోతే మనస్సాక్షికి పనే ఉండదు. ఆ కన్ను ఎటు తిరిగి ఉందన్నదే నా ప్రశ్న. లుబ్ధావధాన్ల పెళ్ళిపీటల వైపు తిరిగిన కన్నూ, బోస్టన్ వీధిలోని శవాల వైపు తిరిగిన కన్నూ ఒకే పని చేస్తున్నట్టు కనిపిస్తాయి, కానీ చేయడం లేదు.

వాటిని విడదీసే కొలత ఏదని చాలాకాలంగా వెతుకుతున్నాను. రంగుల తేడా కొలత కాదు, వయసు తేడా కూడా దానంతట అది చాలదు. నాకు దొరికినంతలో ఇది: ఆ కూడికలో ఉన్న ప్రతివాళ్ళూ నోరు విప్పగలరా, కాదని లేచి వెళ్ళగలరా? సుబ్బి నోరు విప్పలేదు, లేచి వెళ్ళలేదు. విదూషకుడు నోరు విప్పగలడు, లేచి వెళితే కూడు లేదు. రంగూను కూలీ వెళ్ళాలన్నా మేస్త్రీ దగ్గర తీసుకున్న అప్పు వెళ్ళనివ్వదు. బోస్టన్ వీధిలోకి ఆ ఐదుగురూ తమ కాళ్ళ మీద తామే వచ్చారు. బట్టలో పోగుల రంగులు ఎన్నైనా కావచ్చు, లాగుడు సమానంగా ఉన్నంత కాలం బట్ట నిలుస్తుంది. ఒక పోగు మీదే లాగుడంతా పడితే, అన్నీ ఒకే రంగైనా అక్కడే చిరుగుతుంది.

ఈ కొలతను మన ఊళ్ళో పెట్టి చూడాలనిపిస్తుంది. ఒకప్పుడు దేశమంతా ఆనకట్టలు, రోడ్లు కట్టడానికి పాలమూరు జనం వెళ్ళేవాళ్ళు. వాళ్ళకు విడి పేర్లు లేవు, అందరూ ‘పాలమూరు లేబర్’. ఇప్పుడు హైదరాబాదు చుట్టుపక్కల కట్టే ప్రతి పెద్ద భవనం కింద జార్ఖండ్, బీహార్, ఒడిశా, బెంగాల్ కూలీలు, వాళ్ళ పక్కన పాలమూరువాళ్ళు, శ్రీకాకుళంవాళ్ళు ఉంటారు. రేకుల గదుల లేబర్ క్యాంపులో ఐదారు భాషలు వినిపిస్తాయి. 1979లోనే అంతర్రాష్ట్ర వలస కార్మికుల కోసం చట్టం వచ్చింది. కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలని, ఊరు వదిలి వచ్చినందుకు భత్యం ఇవ్వాలని, రాకపోకల ఖర్చు పెట్టుకోవాలని అందులో ఉండేది. 2020 ఏప్రిల్ చివర, లాక్‌డౌన్‌లో, సంగారెడ్డి జిల్లా కంది దగ్గర ఒక నిర్మాణ స్థలంలో కూలీలు రోడ్డెక్కారు. వాళ్ళు అడిగినవి రావలసిన కూలి డబ్బులు, ఇంటికి వెళ్ళే దారి. పోలీసుల మీద రాళ్ళు కూడా పడ్డాయి. టీవీల్లో వాళ్ళు మూకగానే కనిపించారు. మే 1 తెల్లవారుజామున లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరిన రైలు, లాక్‌డౌన్‌లో దేశంలోనే వలస కూలీల కోసం వేసిన మొదటి ప్రత్యేక రైలు. సుమారు 1200 మంది అందులో వెళ్ళారు.

వాళ్ళు నోరు విప్పితేనే ఆ దారి తెరుచుకుందని నేను నమ్ముతున్నాను. లాక్‌డౌన్ సడలాక ఉత్తరాది కూలీలు మళ్ళీ ఈ నగరానికి వచ్చారు, సగంలో ఆగిన అంతస్తులు మళ్ళీ లేచాయి. ఈసారి వాళ్ళు ఏ షరతుల మీద వచ్చారు? ఆ షరతులు ఎవరి భాషలో రాసి ఉన్నాయి, వాటిలో వాళ్ళు చెప్పిన మాట ఒక్కటైనా ఉందా? ఆ భవనాల్లో ఇల్లు కొనుక్కునే మనం ఈ ప్రశ్న మేస్త్రీని ఎప్పుడైనా అడిగామా?